దగ్గు లేని సినిమా

జక్రయ్య నోరు తెరిచి ఎవరినీ ఏదీ అడిగే రకం కాదు. పెళ్ళి భోజనంలో కూర అయిపోతే ఉత్త అన్నం కలుపుకుని తిని లేచొస్తాడే గానీ, ఇంకాస్త వెయ్యమనడు. అలాంటి మనిషి, భార్య రెబ్కాని సమాధుల తోటలో పెట్టి వచ్చాక ఒక పొద్దున, ఊడ్చే దిక్కు లేని వాకిట్లో కూర్చుని, కూతురి ముఖం చూడకుండా అడిగాడు.

"కూడిక నాడు మీ అమ్మ గొంతు వినిపిస్తావా అమ్మా? ఎక్కువేం వద్దు. నిన్ను పేరు పెట్టి పిలిచిద్ది చూడు, ఆ పిలుపొక్కటి వినపడితే చాలు."

"అలాగే నాన్నా" అంది మహిమ. అదెంత పని అనుకుంది. అమ్మ మీద ఏకంగా సినిమానే తీసింది కదా.

కూడిక అంటే వాళ్ళ సంఘంలో ఆదరణ కూడిక. మనిషిని మట్టిలో పెట్టాక ఒక రోజు చూసుకుని, చుట్టాలూ సంఘమూ పందిట్లో చేరి పాటలు పాడతారు, పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకుంటారు, ప్రార్థన చేసుకుని భోజనాలు చేసి వెళతారు. ఈమధ్య పందిట్లో ఒక టీవీ కూడా పెడుతున్నారు. ఫొటోలు ఒకదాని వెంట ఒకటి వస్తుంటే వెనక పాట వస్తుంది, ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుంటారు. ఊళ్ళో ఎవరు పోయినా ఆ వీడియో చేసిపెట్టేది మహిమే. గుంటూరులో డిజిటల్ మీడియా డిగ్రీ చదువుతోంది మరి.

ఆ డిగ్రీలో చేరిన కొత్తలో వాడకట్టంతా ఒకటే నవ్వు. "పెళ్ళిళ్ళకి వీడియో తీయడానిక్కూడా కాలేజీకి పోవాలా ఏందే రెబ్కా?" అని మిరపకాయల తొడిమలు తీసే షెడ్డులో ఆడవాళ్ళు ఏడిపించేవాళ్ళు. రెబ్కా తక్కువ తిందా. "మీ పిల్లలకి పెళ్ళిళ్ళు కుదరనీ, మా అమ్మాయి చేతే తీయిస్తా. మీరు మాత్రం ముఖం కడుక్కుని రండి" అనేది. అని నవ్వేది, నవ్వితే దగ్గొచ్చేది, దగ్గొస్తే కాసేపు మాట పడిపోయేది. మిరపకాయల్లో పనిచేసే వాళ్ళకి దగ్గు కొత్తా పాతా? అందరూ దగ్గుతారు. ఎవరూ పట్టించుకోరు.

రెబ్కా, జక్రయ్యలకి పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు పిల్లల్లేరు. చేయని ప్రార్థన లేదు, ఉండని ఉపవాసం లేదు. లేక లేక పుట్టిన పిల్లకి రెబ్కాయే మహిమ అని పేరు పెట్టుకుంది. ఆ పేరు ఆవిడ నోట్లో నానుతూనే ఉండేది. అన్నం తినవే మహిమా, ఎండగా ఉందే మహిమా, కూర చాల్లేదా మహిమా. మాట ఏదైనా చివరికి ఆ పేరు దగ్గరికి వచ్చి ఆగాల్సిందే. "బస్సులో ఫోను చేసి అలా అరుస్తావేంటమ్మా, అందరూ నా పేరు నేర్చేసుకున్నారు" అని మహిమ విసుక్కునేది. విసుక్కునే వయసు అది. ఎవరం విసుక్కోలేదు గనక.

ఇక చదువు సంగతి. వేరే పేపర్లు ఎలా ఉన్నా, కోర్ పేపర్ల నుంచి తప్పించుకోవడానికి లేదు. కెమెరా, ఆడియో, ఎడిటింగ్, డాక్యుమెంటరీ, ఇవన్నీ కోర్. రెండో ఏడాది చివర ఇద్దరిద్దరు కలిసి ఒక చిన్న సినిమా తీయాలి. మహిమకి జత సిద్దికా. మహిమ కెమెరా, సిద్దికా సౌండు. ఆ పిల్లది పొన్నూరు రోడ్డులో ఇల్లు, నెమ్మదస్తురాలు, హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకుంటే లోకం తలకిందులైనా తీయదు.

ఆడియో చెప్పేది లక్ష్మీకాంత్ సార్. "బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం ఓర్చుకుంటారు. మాట సరిగ్గా వినపడకపోతే లేచిపోతారు" అనేవాడు ఆయన. రూమ్ టోన్ గురించి ఆయన చెప్పిన క్లాసు మహిమకి బాగా గుర్తు.

"ఏ గదీ నిజంగా నిశ్శబ్దంగా ఉండదు. ప్రతి గదికీ దానిదంటూ ఒక హోరు ఉంటుంది. ఇంటర్వ్యూ అయిపోయాక ఎవరూ మాట్లాడకుండా, కదలకుండా కూర్చుని, ఒక అర నిమిషం ఆ హోరు రికార్డు చేసుకు రండి. దాన్నే రూమ్ టోన్ అంటాం. మాటల మధ్య మీరు ఏదన్నా తీసేసినచోట దాన్ని పరిస్తే అతుకు తెలీదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మాట్లాడిన మనిషి ఆ అర నిమిషమూ ఆ కుర్చీలోనే ఉండాలి. మనిషి లేచి బయటికి వెళ్ళిపోతే గది హోరు మారిపోతుంది."

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. "మనిషి లేకపోతే గదికేం తెలుస్తుంది సార్?"

"గదికి తెలుస్తుందో లేదో గానీ మైకుకి తెలుస్తుంది" అన్నాడు సార్. క్లాసంతా నవ్వింది, మహిమ కూడా నవ్వింది.

సినిమాకి ఏం తీద్దామా అని పిల్లలంతా తలలు బద్దలు కొట్టుకుంటుంటే మహిమ ఇట్టే తేల్చేసింది. ఇంట్లోనే ఉంది కదా, మిరపకాయల తొడిమలు తీసి తీసి గోళ్ళు అరిగిపోయిన మనిషి. కల్లాల మీద కాయ ఎండుతున్న రోజుల్లో, కాలేజీ కెమెరా తీసుకుని సిద్దికాతో ఊరికి వచ్చింది. రెబ్కా ఆ పూట పనికి పోలేదు. చర్చికి కట్టుకునే చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని, రేకుల గదిలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని బుద్ధిగా కూర్చుంది.

"ఆ చీర ఎందుకమ్మా, రోజూ కట్టుకునేది కట్టుకో" అంది మహిమ. రెబ్కా చిన్నబుచ్చుకోకుండా వెళ్ళి పాత చీర కట్టుకొచ్చింది.

"కెమెరా వైపు చూడకు. నా వైపు చూసి చెప్పు. నేనడిగింది నీ జవాబులోనే రావాలి. తర్వాత నా గొంతు తీసేస్తాం."

"నీ గొంతెందుకే తీసేయడం?"

"అంతేనమ్మా, అది రూలు."

రెబ్కా రూలు ఒప్పుకుంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. "పొద్దున్నే కల్లానికి పోతామే మహిమా, తాలు కాయ ఒక పక్కకి ఏరి…"

"ఆగమ్మా. నా పేరు రాకూడదు. చూసేవాళ్ళకి మహిమ ఎవరో తెలీదుగా. మళ్ళీ చెప్పు."

రెబ్కా మళ్ళీ చెప్పింది, మళ్ళీ పేరు వచ్చింది. ఇంకోసారి చెప్పింది, పేరు రాలేదు గానీ దగ్గొచ్చింది. "నీ పేరు లేకుండా నాకు మాట ఎట్టా వచ్చిద్దే" అని నవ్వింది. సిద్దికా చెవుల మీంచి హెడ్‌ఫోను కాస్త ఎత్తి పట్టుకుంది. దగ్గు ఆ పిల్ల చెవుల్లో పెద్దగా మోగుతోంది మరి. "పర్లేదు ఆంటీ, మంచినీళ్ళు తాగండి" అనేలోపే జక్రయ్య వాకిట్లోంచి చెంబు పట్టుకుని లోపలికి వచ్చాడు. ఆయన అంతే. రెబ్కా దగ్గు వినపడిందంటే చేతిలో పని చేతిలోనే వదిలేసి కుండ దగ్గరికి నడుస్తాడు. చెంబు ఇస్తాడు, మాట్లాడడు, వెళ్ళిపోతాడు.

"నాన్నా, నువ్వు ఫ్రేములోకి వచ్చేశావు" అంది మహిమ. జక్రయ్య తప్పు చేసినవాడిలా గోడవారగా బయటికి నడిచాడు.

ఎలాగైతేనేం, మాటలన్నీ అయ్యాయి. చివర రూమ్ టోన్ మిగిలింది.

"అమ్మా, ఇప్పుడు అర నిమిషం మాట్లాడకూడదు, కదలకూడదు, దగ్గకూడదు."

"దగ్గు నా చేతిలో ఉంటదా?"

"ఎట్టాగో ఆపుకో అమ్మా. ఇది లేకపోతే మార్కులు పోతాయి."

మార్కులు పోతాయంటే ఏ తల్లి ఆపుకోదు చెప్పండి. మొదటిసారి దగ్గొచ్చేసింది. రెండోసారీ వచ్చింది. మూడోసారి రెబ్కా కొంగు గట్టిగా నోటికి అదుముకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మెడ నరాలు ఉబ్బాయి, మనిషి మాత్రం కదల్లేదు. సిద్దికా బొటనవేలు పైకెత్తి అయిపోయిందని సైగ చేసింది. ఆ తర్వాత ఏమైందో మహిమకి గుర్తు లేదు. వైర్లు చుట్టుకుని, సాయంత్రం బస్సు అందుకునే హడావిడిలో పడిపోయింది.

తర్వాత ల్యాబులో కూర్చుని ఎడిటింగు. కంప్యూటర్ మీద మాట ఒక గీతలాగా కనపడుతుంది. దగ్గు వచ్చినచోట గీత నిట్టనిలువుగా లేస్తుంది. మహిమ ఒక్కొక్కటే పట్టుకుని కత్తిరించింది. కత్తిరించినచోటల్లా రూమ్ టోన్ పరిచింది. ఎక్కడన్నా 'మహిమా' అని మిగిలిపోతే అదీ తీసేసింది. మాట వెనక సన్నగా వినపడే పిల్లికూతని కూడా సాఫ్ట్‌వేర్ పెట్టి తుడిచేసింది. రోజుల తరబడి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ దగ్గే వింది. ఏ దగ్గు పొడిది, ఏది కఫంది, ఏది ఎక్కడ మొదలై ఎంతసేపు సాగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేది. ఈ భూమ్మీద రెబ్కా దగ్గుని అంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఇంకొకరు లేరు. అయినా ఈవిణ్ణి ఒకసారి ఆస్పత్రికి తీసుకెళదాం అని ఆ పిల్లకి తట్టలేదు. చదువు ఎటు చూడమంటే అటే చూసింది, పాపం.

సినిమాకి క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి. "ఆడియో ఎంత క్లీన్‌గా ఉందో చూడండి" అని లక్ష్మీకాంత్ సార్ అందరి ముందూ మెచ్చుకున్నాడు. మహిమ ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చి అమ్మకీ నాన్నకీ చూపించింది. రెబ్కా బుగ్గన చెయ్యి పెట్టుకుని చూసింది.

"ఇదేందే, నాకు దగ్గే లేదు ఇందులో" అంది. "దగ్గు లేకపోతే నేను ఎంత బాగా మాట్లాడతానో చూడయ్యా."

జక్రయ్య తెర మీంచి కళ్ళు తిప్పకుండా చూశాడు. చివరికి, "బాగుంది గానీ నువ్వు కాదులే అది" అని లేచి వెళ్ళాడు.

"ఆయనకేం తెలుసు" అంది రెబ్కా, ఇంకోసారి పెట్టించుకుని చూసింది.

వానలు పడ్డాక దగ్గులో రక్తం కనపడింది. గుంటూరు తీసుకెళ్ళారు. "ఈ దగ్గు ఎప్పట్నుంచి ఉందమ్మా?" అని డాక్టరు అడిగితే రెబ్కా కంటే ముందు మహిమ చెప్పింది. ఎంతలా ఉండేదో, రోజులో ఎప్పుడు ఎక్కువో, ఏ మాట దగ్గర ఊపిరి ఆగేదో అన్నీ చెప్పింది. డాక్టరు ఆ పిల్ల వైపు వింతగా చూశాడు. "ఇంత తెలిసినదానివి కాస్త ముందు తీసుకురావాల్సిందమ్మా" అన్నాడు. ఆయన కోపంగా కూడా అనలేదు. కోపంగా అనివుంటే బాగుండేది. ఊపిరితిత్తులు అప్పటికే చెడిపోయాయి. పత్తి తీతలు మొదలయ్యే వేళకి రెబ్కా ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇదీ జరిగింది. ఇప్పుడు జక్రయ్య అడిగాడు, మహిమ అలాగేనంది. ల్యాప్‌టాప్ తెరిచి సినిమా పెట్టింది. మొదట్నుంచి చివరిదాకా అమ్మ మాట్లాడుతూనే ఉంది. కల్లం గురించి చెప్పింది, ఘాటు గురించి చెప్పింది, తొడిమ తీసేటప్పుడు బొటనవేలు ఎలా వంచాలో చెప్పింది. పేరు మాత్రం ఎక్కడా లేదు. ఉంటే గదా, కత్తిరించి పారేసింది తనే.

సరే, కత్తిరించనివి ఉంటాయి కదా అని ఎడిటింగ్ ఫైలు తెరిచింది. తెర మీద మొత్తం ఎర్రటి పలకలే వచ్చాయి. అసలు వీడియోలు దొరకడం లేదని చెప్పడానికి కంప్యూటర్ అలా ఎరుపు చూపిస్తుంది. అప్పుడు గుర్తొచ్చింది. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒకటే హార్డ్ డిస్కు. కొత్త సెమిస్టర్లో యాడ్ ఫిల్మ్ తీసినప్పుడు చోటు చాలక, అమ్మ ఫోల్డరు తుడిచేసింది మహిమే. "ఫైనల్ ఉందిగా, ఈ చెత్త ఎందుకు" అంది కూడా. కెమెరా కార్డు మాటే లేదు. కాలేజీలో కార్డు తిరిగివ్వాలంటే ల్యాబ్ చూసే గౌస్ బాషా ముందు ఖాళీ చేసి చూపించాలి. ఎవరి ఇంటి బొమ్మలూ బయటికి పోకూడదని ఆ నియమం పెట్టారు. చాలా మంచి నియమం, ఎవరిని తప్పుపడతాం.

ఫోను వెతికింది. ఫొటోలు ఉన్నాయి. ఎవరిదో పెళ్ళి వీడియోలో అమ్మ కనపడింది గానీ, మేళాల హోరులో ఒక్క మాట వినపడలేదు. రెబ్కా దగ్గర ఉన్నది బటన్ల ఫోను, వాట్సాప్ ఎరగదు. చర్చిలో సాక్ష్యం చెప్పినప్పుడు ఎవరన్నా రికార్డు చేశారేమోనని పాస్టరు నతానియేలు గారిని అడిగింది. ఆయన పాటలే పెట్టుకున్నాడు, సాక్ష్యాలు పెట్టుకోలేదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని రెబ్కా ఎన్నిసార్లు చెప్పేదో. ఇప్పుడు చీకట్లో తడుముకుంటే ఏం దొరుకుతుంది? మహిమ తలుపు మూసుకుని, దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చింది. నాన్నకి ఏం చెప్పాలో తెలియలేదు. ఆ మనిషి జన్మలో అడిగింది ఒక్కటి.

పలకరించడానికి వచ్చిన సిద్దికా అంతా వింది.

"రూమ్ టోన్ ఉంది కదే" అంది.

"అందులో ఏముంటుంది? ఎవరూ మాట్లాడరుగా."

"అయినా అమ్మ అక్కడే కూర్చుని ఉందిగా. జూనియర్లకి వినిపించడానికని అందరి రూమ్ టోన్లూ సార్ తీసుకున్నాడు. ఎక్కడా కత్తిరించకుండా ఉన్నది ఉన్నట్టు ఇమ్మన్నాడు. ల్యాబులో ఉంటుంది."

ఇద్దరూ కాలేజీకి వెళ్ళారు. గౌస్ బాషా మామూలుగా సంతకం లేనిదే తలుపు తీయడు. ఆ రోజు మహిమ ముఖం చూసి ఏమీ అడగకుండా తాళం తీశాడు, ఫోల్డరు వెతికి పెట్టాడు, ఫ్యాను వేసి బయటికి వెళ్ళాడు. సిద్దికా హెడ్‌ఫోన్లు తెచ్చి మహిమ చెవులకి తనే పెట్టింది.

ముందు గది వినపడింది. రేకుల కింద పాత ఫ్యాను టక్ టక్ మంటోంది. వాకిట్లో కోడి ఏదో గీకుతోంది. దూరంగా ట్రాక్టరు పోతోంది. వీటన్నిటి మధ్యలో, మైకుకి బాగా దగ్గరగా, ఎవరో ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ముక్కులోంచి సన్నగా గాలి వస్తోంది, ఆగిపోతోంది, మళ్ళీ వస్తోంది. గొంతు దాకా వచ్చినదాన్ని మింగుతున్న చప్పుడు రెండు మూడుసార్లు వినపడింది. అప్పుడు కళ్ళ ముందే ఉన్నా మహిమ కనిపెట్టలేదు ఇదంతా. కెమెరా వెలుగు సరిగ్గా ఉందా లేదా అని చూసుకుంటోంది.

తర్వాత తన గొంతే వినపడింది. "ఆఁ, అయిపోయింది."

ఆ వెంటనే అమ్మ. "అయిందా మహిమా? ఇంక దగ్గొచ్చా అమ్మా?"

జవాబు కోసం ఆగింది ఆవిడ. అప్పుడు కూడా ఆగింది. తర్వాత దగ్గు. పట్టి ఉంచిన దగ్గంతా ఒక్కసారిగా, తెరలు తెరలుగా వచ్చింది, ఆగలేదు. దాని మీద మళ్ళీ మహిమ గొంతు, విసుగ్గా.

"ఆపెయ్ సిద్దికా. ఇది అక్కర్లేదు."

దగ్గు మధ్యలోనే రికార్డింగు తెగిపోయింది.

మహిమ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. ఏడవలేదు. ఏడుపు రాలేదు. సిద్దికా తీసి పెట్టుకుని వింది. ఆ పిల్లకి మాత్రం కళ్ళ నీళ్ళు ధారగా కారాయి. "నువ్వు ఆపమంటే నేను ఆపేశానే" అంది.

సంగతి తెలిసి లక్ష్మీకాంత్ సార్ వచ్చాడు. ఆయనా విన్నాడు. కాసేపు కళ్ళజోడు తుడుచుకుని, మెల్లగా అన్నాడు. "పేరు పిలిచినదాకా ఉంచి, తర్వాత మెల్లగా తగ్గించేసెయ్ అమ్మా. నలుగురిలో ఆ దగ్గు వినలేరు. మీ నాన్నగారు అడిగింది పేరే కదా."

ఆయన మంచికే చెప్పాడు. ఆయన నేర్పిన చదువులో అదే సరైన పద్ధతి. మహిమ ఫైలు తెరిచి, 'మహిమా' అన్న మాట తర్వాత గీటు పెట్టింది. అలవాటైన చేయి కత్తిరించే మీట దగ్గరికి తనంతట తనే పోయింది. అక్కడ ఆగిపోయింది.

"ఒకసారి తీసేశాను కదా సార్" అంది.



కూడిక రోజు ఇంటి ముందు షామియానా వేశారు. చుట్టాలూ సంఘమూ, షెడ్డులో రెబ్కాతో పనిచేసిన ఆడవాళ్ళూ వచ్చారు. పాటలయ్యాయి. పాస్టరు గారు వాక్యం చెప్పారు. రెబ్కా ఎవరికి పురుడొస్తే సగం పనిలోంచి లేచి ఎలా పోయేదో, ఎవరింట్లో గొడవైతే ఎలా సర్దేదో షెడ్డు ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి చెప్పారు. జక్రయ్య తెల్లచొక్కా వేసుకుని ముందు వరసలో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆఖర్న మహిమ లేచి టీవీ పెట్టింది. సినిమా వేయలేదు. అమ్మ ఫొటో ఒక్కటి పెట్టి, సౌండు వేసింది. మొదట్నుంచీ వేసింది.

పందిట్లో ఏమీ వినపడలేదు. జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "సౌండ్ రావట్లేదమ్మా" అని వెనకనించి ఎవరో అన్నారు. మహిమ కదల్లేదు. కాసేపటికి, ముందున్నవాళ్ళకి ఫ్యాను టక్ టక్ మనడం వినపడింది. కోడి గీకడం వినపడింది. జక్రయ్య తల పైకెత్తాడు. తన ఇంటి చప్పుడు తనకి తెలీదా. తర్వాత ఆ ఊపిరి వినపడింది, పందిరంతా సద్దుమణిగింది.

"అయిందా మహిమా? ఇంక దగ్గొచ్చా అమ్మా?"

షెడ్డు ఆడవాళ్ళు ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఆ ఏడుపులోంచే దగ్గు మొదలైంది. పెద్ద స్పీకర్లలోంచి, తెరలు తెరలుగా, పందిరి గుంజలు అదిరేలా.

జక్రయ్య లేచాడు.

ఎవరి వైపూ చూడలేదు. వరసలోంచి పక్కకి జరిగి, పందిరి చివర నీళ్ళ బిందె ఉన్నచోటికి గబగబా నడిచి, చెంబు ముంచాడు. ముంచి, తిరిగి నాలుగడుగులు వేశాడో లేదో, స్పీకర్లో మహిమ గొంతు వినపడింది. "ఆపెయ్ సిద్దికా. ఇది అక్కర్లేదు." దగ్గు తెగిపోయింది.

చెంబుతో పందిరి మధ్యలో నిలబడిపోయాడు జక్రయ్య. చెంబు అంచు నుంచి నీళ్ళు ఆయన పాదాల మీద పడుతున్నాయి. టీవీలో రెబ్కా ఫొటో వైపు చూశాడు. ఇంటి గుమ్మం వైపు చూశాడు. ఎవరికివ్వాలో తెలియక అటూ ఇటూ చూస్తున్న ఆ మనిషిని చూడలేక పాస్టరు గారు తల వంచుకున్నారు. కాసేపటికి జక్రయ్య మెల్లగా నడిచి టీవీ పక్కన నిలబడ్డ కూతురి దగ్గరికి వచ్చాడు. చెంబు చాపాడు.

"నాన్నా, అక్కర్లేదన్నది నేనే" అంది మహిమ. ల్యాబులో రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"విన్నాలే" అన్నాడు జక్రయ్య. "ముందు తాగు."

మహిమ రెండు చేతులా చెంబు పట్టుకుని తాగింది. ఆయన పక్కనే నిలబడి, ఆమె తాగడం అయిపోయాక చెంబు తీసుకుని, వెళ్ళి బిందె మీద బోర్లించి వచ్చాడు.